ఎన్ని రాత్రులైంది పండుకోక?

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సప్ మెసేజ్‌లు అన్నీ ముందటేసుకుని చదువుతుంటే ఒకటే మాట మళ్ల మళ్ల తగిలింది, "రాత్రి పండుకుంటలేడు". రాసినోళ్లెవరూ దాన్ని పెద్ద విషయం లెక్క రాయలే, అప్పు గురించో చదువు గురించో కల్లు గురించో రాసుకుంట మధ్యల ఎక్కడ్నో ఒక మూలకు ఆ ముక్క పడేసిండ్రు. నేను సర్కారు దవాఖాన మానసిక వార్డుల 27 ఏండ్లు నర్సుగ చేసిన. పొద్దున డ్యూటీ ఎక్కంగనే మేం మొదలు చూసేది రాత్రి సిస్టర్ రాసిపెట్టిన నిద్ర లెక్క, ఏ బెడ్డు మీద ఎవరు ఎన్ని గంటలు పండుకున్నరు అని. వరుసగ రెండు రాత్రులు సున్నా పడ్డదంటే ముందు ఆ మనిషి దగ్గరికే పోయేటోళ్లం, పైకి ఎంత మంచిగ కనబడ్డా సరే. అందుకే ఈసారి జవాబులల్ల అందర్నీ ఇదే అడుగుత, విసుక్కోకుండ్రి.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది పరకాల అవతల ఊరు. మా సొంతం మూడెకరాలు, ఇంకో నాలుగెకరాలు కౌలుకు పట్టి పత్తి, మిర్చి పెట్టినం. పత్తి పోయింది, మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు తీస్కపోతే పెట్టుబడి కూడ రాలే. మా ఆయన అందర్ని నవ్విచ్చేటోడు, ఇప్పుడు మాట బందయింది. పదిహేను దినాలసంది రాత్రిపూట మంచంల లేచి కూసుంటడు, తెల్లారేదాక గట్లనే. మొన్న పాస్‌బుక్కు, బ్యాంకు కాగితాలు ఒక సంచిల పెట్టి నాకు చూపెట్టిండు, ఎవరికెంత ఇయ్యాలెనో నోట్‌బుక్కుల రాసిండు, పెద్దబిడ్డ కాలేజి ఫీజు సంగతి మా తమ్మునికి చెప్పిండు. నిన్నమాత్రం మంచిగున్నడు, నవ్విండు, కోడి కోయించిండు. నాకెందుకో నిన్నటిసంది ఎక్కువ భయమైతుంది. అడుగుదామంటే, అడిగితే లేని ఆలోచన పెట్టినట్టయితదని మా అత్తమ్మ వద్దంటుంది.

జవాబు: చెల్లే, పత్రిక అచ్చయ్యేదాక ఆగే ముచ్చట కాదిది, అందుకే నీ ఉత్తరం చదివిన రోజే నీకు ఫోన్ చేసిన. నువ్వు సరే అన్నంకనే ఊరు, ఎకరాలు కొంచెం మార్చి ఇక్కడ పెడుతున్న, ఎందుకంటే ఇంకో పది ఇండ్లల్ల ఇదే నడుస్తుండొచ్చు.

ముందు నీ భయం సంగతి. నీకు భయమెక్కువైంది ఆయన కుములుతున్నప్పుడు కాదు, నవ్విన రోజు. నీ భయం వట్టిది కాదు. ఇన్ని దినాలు రంది పెట్టుకుని కూసున్న మనిషి, అప్పు అట్లనే ఉండంగ, కౌలు పైసలు అట్లనే ఉండంగ, ఒక్కపూటల తేలికైండంటే ఎందుకైండో తెలుసుకోవాలె. నిజంగనే మనసు కుదుటపడి ఉండొచ్చు. లేకుంటే లోపల ఒక నిర్ణయానికి వచ్చినంక దొరికే నిమ్మళం కావొచ్చు. ఈ రెండింటికి తేడా మొఖం చూసి చెప్పుడు 27 ఏండ్లు చేసిన నాకు కూడ రాదు, అడిగితేనే తెలుస్తది. కాగితాలు ఒక్కదగ్గర పెట్టుడు, బాకీలు రాసుడు, బిడ్డ ఫీజు బామ్మర్దికి అప్పజెప్పుడు, విడివిడిగ చూస్తే ఇవన్నీ బాధ్యత గల మనిషి చేసే పనులే, అందుకే ఇంట్లోళ్లకు అనుమానం రాదు. మూడింటిని కలిపి, వాటి పక్కకు పదిహేను రాత్రుల నిద్ర లేకపోవుడు పెట్టి చూస్తే వేరే కథ కనబడ్తది.

ఇగ మీ అత్తమ్మ మాట. అడిగితే ఆలోచన పెట్టినట్టయితది అని పల్లెల పెద్దోళ్లే కాదు, బాగా చదువుకున్నోళ్లు కూడ అంటరు. నిజం కాదు. దీని మీద చానా దేశాలల్ల పరిశోధనలు అయినయ్, అడిగినందుకు కొత్తగ ఆ ఆలోచన పుట్టదు, ఉన్నోళ్లకైతే లోపలి బరువు కొంచెం దిగుతది. నేను డ్యూటీల చేరిన కొత్తల ఒక తప్పు చేసిన. ఒక ముసలవ్వ నా చెయ్యి పట్టుకుని "ఇంక నేనెందుకు బిడ్డా, పోతే బాగుండు" అన్నది, నేను వెంటనే "అట్ల అనొద్దవ్వా, తప్పు" అన్న, ప్రేమతోనే అన్న. అవ్వ చెయ్యి తీసేసుకుంది. రెండు రోజులు ఎవ్వరితోని మాట్లాడలే, నాతోనైతే ఇంటికి పోయేదాక మాట్లాడలే. తప్పు అని చెప్పినంక మళ్లెవరన్నా ఎందుకు చెప్పుకుంటరు?

నీకు ఫోన్‌ల చెప్పిన మాటలే మళ్ల రాస్తున్న. పిల్లలు పండుకున్నంక, టీవీ బంద్ చేసి, ఎదురుంగ కాకుండ పక్కకు కూసో. "పదిహేను దినాలసంది నీ కంటికి కునుకు లేదు, కాగితాలన్నీ నాకిచ్చినవ్, నాకు భయమైతుంది, సచ్చిపోదామన్న ఆలోచన వస్తుందా నీకు?" ఇంతే, మెల్లగ, సూటిగ. "అసొంటి పిచ్చి ఆలోచనలేం లేవు గదా" అని మాత్రం అడగొద్దు, ఆ ప్రశ్నలనే లేదని చెప్పు అనే బలవంతం ఉంటది. తెల్లారి నువ్వు చెప్పినవ్ గదా, ఆయన చానాసేపు గోడ దిక్కు చూసి "నీకెవరు చెప్పిండ్రు" అన్నడని. అది అవును అనుడే.

అవును అన్నప్పుడు మనం చేసే మొదటి తప్పు ఏందంటే పిల్లల మీద ఒట్టేయించుకునుడు. ఒట్టుతోని మనకు ధైర్యమొస్తది గని ఆయన నెత్తిన ఇంకో బరువు పడ్తది, రేపు మళ్ల ఆ ఆలోచన వస్తే చెప్పుకోను కూడ రాదు, ఒట్టు తప్పినట్టయితదని. "నీకేం తక్కువ", "ఊర్లె అందరికి అప్పుల్లేవా", "మొగోనివై ఏడుస్తవా", ఈ మాటలు కూడ వద్దు. ఎప్పటిసంది అనిపిస్తుంది, ఎట్ల చేద్దామనుకున్నవ్, ఇయ్యాల ఎంత బలంగ అనిపిస్తుంది అని అడిగి ఊకో. నోరు మూసుకుని వినుడు మస్తు కష్టం, నాకు తెలుసు.

రెండో పని, పురుగుమందు డబ్బాలు. ఇది మాత్రం ఆ రాత్రే, తెల్లారి కాదు. కొట్టంల, దూలం మీద, బాయికాడి రూంల, ఎరువుల బస్తాల వెనక, పోయినేడు మిగిలిన సగం డబ్బాలు కూడ, అన్నీ తీసి వేరే ఊర్లున్న మీ తమ్ముని ఇంటికి పంపి తాళం ఏయించు అన్న, నువ్వు చేసినవ్. మీ మరిది మాత్రం "సావాలనుకున్నోడు దుకాణంల కొనుక్కోడా" అన్నడట. కొంచెం ఓపిగ్గ వినుమను. ఆ ఆలోచన ఇరవై నాలుగ్గంటలు ఒకే తీరుగ ఉండదు, చెరువుల అల లెక్క లేస్తది, కొంతసేపటికి దిగుతది. లేచిన ఆ కొంచెంసేపట్ల చేతికి ఏం దొరకకుంటే మనిషి బతుకుతడు, బతికినోళ్లల్ల ఎక్కువమంది తర్వాత మామూలుగ బతుకుతరు, వేరే దారి వెతుక్కుంట పోరు. శ్రీలంకల 1995 నుంచి బాగా విషమున్న పురుగుమందులను ఒక్కొక్కటి బంద్ చేసుకుంట వచ్చిండ్రు, తర్వాతి ఇరవై ఏండ్లల్ల ఆ దేశంల ఆత్మహత్యలు సుమారు 70 శాతం తగ్గినయ్. అక్కడ అప్పులు తీరిపోలే, కష్టాలు మాయం కాలే, చేతికందే దూరం పెరిగిందంతే.

ఒకవేళ ఏ ఇంట్లనైనా అప్పటికే ఏదన్నా మింగిండ్రనుకో, 108 కొట్టుండ్రి, లేదా దొరికిన బండిల తీస్కపోండ్రి. వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు సబ్బునీళ్లు తాపొద్దు, ఒంటి మీద బట్టల మీద పడితే ఆ బట్టలు తీసి నీళ్లతోని కడగాలె, డబ్బా మాత్రం వెంట పట్టుకపోవాలె, డాక్టరుకు అదే ముఖ్యం. "కొంచెమే, ఏం కాలే, మంచిగనే ఉన్న" అన్నా సరే తీస్కపోవాలె, కొన్ని మందులు మొదలు మంచిగనే ఉంచి తర్వాత చూపిస్తయ్.

ఆయన్ని వరంగల్ ఎంజీఎం దవాఖాన మానసిక విభాగం ఓపీకి తీస్కపొమ్మని చెప్పిన, దూరమైతే జిల్లా దవాఖాన. అర్ధరాత్రి ఎవరితోనన్నా మాట్లాడాలనిపిస్తే 14416, టెలీ మానస్ అంటరు, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, ఇరవై నాలుగ్గంటలు ఉంటది, పైసలు పడవ్, తెలుగుల మాట్లాడ్తరు. ఇంట్లోళ్లు కూడ చేయొచ్చు, "మా ఆయన గిట్ల ఉన్నడు, ఏం చెయ్యాలె" అని నువ్వే అడగొచ్చు. డాక్టరు మందు మొదలుపెడితే నిద్ర ముందు కుదుర్తది, మనసు దిగులు తగ్గేతందుకు రెండు నుంచి నాలుగు వారాలు పడ్తది, వారానికే "ఏం ఫాయిద లేదు" అని బంద్ పెట్టొద్దు, ఆ రెండు మూడు వారాలు ఒక్కన్నే వదలొద్దు కూడ. గోలీల స్ట్రిప్పులు నీ దగ్గర్నే పెట్టుకో, పూటకెంతనో అంతే చేతికియ్యి. వదలకుండుడంటే పోలీసోని లెక్క వెంటబడుడు కాదు, పొద్దున మీ తమ్ముడు, మాపటికి ఆయన దోస్తు, రాత్రి నువ్వు, ఎవరో ఒకరు పత్తాలాడ్డానికో టీ తాగడానికో వచ్చినట్టే ఉండాలె. అప్పుల నోట్‌బుక్కు పది దినాలైనంక తెరువుండ్రి, నిద్రలేని మెదడుతోని లెక్కలు ఏస్తే పదివేలు కూడ లక్ష లెక్క కనబడ్తది.

ప్రశ్న: మేడం, హన్మకొండల డిగ్రీ ఫైనలియర్, రూంల ముగ్గురం ఉంటం. మా రూమ్మేట్ నాలుగు రాత్రులసంది పండుకుంటలేడు, అలసట కూడ లేదు. వెయ్యిస్తంభాల గుడి స్తంభాల మీద ఒక కోడ్ ఉందట, అది తనకే అర్థమైందట, దాంతోని కంపెనీ పెడ్తడట. లోన్ యాప్‌ల పైసలు తీసి రెండు ల్యాప్‌టాప్‌లు బుక్ చేసిండు. అర్ధరాత్రి బైకేసుకుని కాజీపేట, మడికొండ తిరిగొస్తుండు, కాదంటే మీదికొస్తుండు. ఇంట్ల చెప్తే సచ్చిపోత అన్నడు, అందుకే ఎవ్వరికి చెప్పమని మాటిచ్చినం. ఫస్టియర్‌ల ఒకసారి నెలరోజులు మంచం దిగలే, అప్పుడు లైట్ తీస్కున్నం.

జవాబు: తమ్మీ, ఇచ్చిన మాట తప్పుండ్రి. ఇయ్యాలనే తప్పుండ్రి. ప్రాణం మీదికొచ్చే సంగతి ఎవ్వరికీ చెప్పనని మాటియ్యొద్దు అని నేను ప్రతి కాలేజిల చెప్త, అయినా మీ వయసుల దోస్తానా అంటే గదే అనుకుంటరు. వాళ్ల నాయినకు ఫోన్ చేసి "మీవోడు పాడైండు" అనకుండ, చూసింది చూసినట్టు చెప్పుండ్రి. నాలుగు రాత్రులైంది పండుకోక, ఇంత లోన్ తీసిండు, రాత్రి బండి మీద తిరుగుతుండు, సచ్చిపోత అన్నడు, మీరు ఇయ్యాలనే రావాలె అని. తల్లిదండ్రులు పిచ్చి అనే మాట వింటే కొట్లాడ్తరు, లెక్క వింటే బస్సెక్కుతరు.

పరీక్షలప్పుడు మీరు కూడ రెండు రాత్రులు మేల్కొని ఉంటరు గని మూడో రోజు తల వాలిపోతది. ఇక్కడ తేడా ఏందంటే వానికి నిద్ర అవసరమే అనిపిస్తలేదు. దాంతోని మాట ఆగకపోవుడు, పైసలు మంచినీళ్ల లెక్క ఖర్చు, తనకేదో గొప్ప శక్తి వచ్చిందనుకునుడు, అడ్డమొస్తే కోపం. దీన్ని మేనియా అంటరు, ఫస్టియర్‌ల మంచం దిగని నెలరోజులు ఇదే జబ్బుకు అవతలి దిక్కు కావొచ్చు, రెండూ కలిస్తే బైపోలార్ అంటరు. డాక్టరుకు ఆ ఫస్టియర్ సంగతి తప్పకుండ చెప్పుండ్రి, ఎందుకంటే దిగులు తగ్గే గోలీలు ఒక్కటే ఇస్తే ఈ ఊపు ఇంకా పెరగొచ్చు, అప్పటి మందులేవన్నా రూంల ఉంటే అవి ఏయొద్దు. గంజాయి సంగతి కూడ దాయొద్దు, ఉంటే ఉందని చెప్పుండ్రి, డాక్టరు పోలీసు కాదు.

కోడ్ గురించి వాదించొద్దు. ఆ గుడి 1163ల రుద్రదేవుడు కట్టించిండు, ఇన్ని వందల ఏండ్లల్ల ఆ స్తంభాల మీద ఎవరేమేం చదివిండ్రో, మీవోనితోని చరిత్ర మాట్లాడి గెల్వలేరు. అట్లని "అవునురా, సూపర్" అని కూడ అనొద్దు. "నీకట్ల అనిపిస్తుంది, నాకైతే కనబడ్తలేదు, కని నువ్వు నాలుగు రాత్రులసంది పండుకోలే, అది చూసి నాకు భయమైతుంది, నిద్రకోసమన్న ఒకసారి దవాఖానకు పోదాం." నిద్ర అనే దారిల పోతే చానామంది వస్తరు, పిచ్చి దవాఖాన అంటే ఎవ్వరూ రారు. బైకు తాళం జేబుల పెట్టుకోండ్రి, "పెట్రోల్ అయిపోయింది" అని అబద్ధమాడినా నేనేమనను. రూంల గుంపు చేయొద్దు, ఇద్దరు చాలు, తలుపుకు అడ్డం నిలబడొద్దు, గొంతు పెంచొద్దు.

ఎంతకూ రానంటే? 2017 మానసిక ఆరోగ్య చట్టంల దానికి దారి ఉంది. తనకో ఎదుటోళ్లకో ప్రమాదం ఉందనిపిస్తే ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా అత్యవసర వైద్యం మొదలుపెట్టొచ్చు, దానికి 72 గంటల గడువు. తర్వాత ఇద్దరు నిపుణులు విడివిడిగ చూసి అవసరమంటే, ఇంట్లోళ్ల తరఫు మనిషి అడిగితే, 30 రోజులదాక చేర్చుకోవచ్చు. మనిషి చెయ్యి దాటిండంటే అత్యవసర నంబరు 112 కొట్టుండ్రి. నెల తర్వాత వాడు మిమ్మల్ని తిడ్తడు, ఆరునెల్లకు బిర్యాని తినిపిస్తడు, నేను చూసిన కేసులల్ల ఎక్కువ గట్లనే అయింది.

ప్రశ్న: కామారెడ్డి దిక్కు ఊరు మాది. మా బాపు ఇరవై ఏండ్లసంది పొద్దుమాపు కల్లు తాగుతడు. ఆదివారం అందరం కూసుండబెట్టి బంద్ చేయించినం. మంగళవారంసంది చేతులు వణుకుతున్నయ్, చెమటలు, రాత్రంతా పండుకోలే, గోడ మీద చీమలు పారుతున్నయంటడు, సచ్చిపోయిన మా తాత వచ్చి గుమ్మంల నిలబడ్డడంటడు. బాణామతి చేసిండ్రని మా పెద్దనాయిన ఒకాయన్ని పిలిపిస్తుండు.

జవాబు: ఇది కూడ ఫోన్ చేసి చెప్పినదే. 108కు కొట్టుండ్రి, మంత్రగాడు వచ్చేదాక ఆగొద్దు. మన ఉత్తర తెలంగాణల దుకాణాలల్ల అమ్మే కల్లుల చెట్టు కల్లు తక్కువ, మత్తు కోసం అల్ప్రాజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ అసొంటివి కలుపుతరని అందరికీ తెల్సిందే. ఇరవై ఏండ్లు వాటికి అలవాటైన మెదడుకు ఒక్కసారిగ బంద్ పెడితే అది తిరగబడ్తది. రెండు మూడు రోజులకు వణుకుడు, చెమట, లేనివి కనబడుడు, ఫిట్స్, ప్రాణం పోయే ప్రమాదం కూడ ఉంది. 2015ల కల్తీ కల్లు మీద గట్టిగ దాడులైనప్పుడు గిట్లనే ఊర్లకు ఊర్లు ఆగమాగమైనయ్, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక దవాఖానకు జనం వరుసగట్టిండ్రు, అప్పుడు కూడ చానామంది దయ్యమనే అనుకున్నరు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పండబెట్టుండ్రి, చేతుల తాళంచెవులు పెట్టొద్దు, నోట్లె చెంచాలు, నీళ్లు పెట్టొద్దు. దవాఖానల వారం పది దినాలు మందు మెల్లగ తగ్గించుకుంట వస్తరు, బీ1 విటమిన్ ఎక్కిస్తరు. కల్లు మాన్పిచ్చుడు మంచి పనే, ఇంట్ల కాదు. అప్పుడప్పుడు ఇవే లక్షణాలు తలకు దెబ్బ తగిలితే, షుగర్ పడిపోతే కూడ వస్తయ్, అందుకని కూడ దవాఖానే. మీ పెద్దనాయినను కూడ అదే బండిల ఎక్కించుకోండ్రి, కోపం తీరుతది.

ప్రశ్న: మా బిడ్డకు కాన్పయి తొమ్మిది దినాలు, మగపిల్లగాడు. మూడో రోజు కొంచెం ఏడ్చింది, అందరికి అయ్యేదే అన్నరు. ఆరో రోజుసంది పిల్లగాడు పండుకున్నా ఇది పండుకుంటలేదు, ఇల్లంత తిరుగుతది, "వీడు నా కొడుకు కాదు, దవాఖానల మార్చిండ్రు" అంటది, ఎవరో పిలుస్తున్నరంటది. కాసేపటికి మామూలైతది. బాలింతకు గాలి సోకింది, 21వ రోజు తానం అయినంక చూద్దాం అంటున్నరు మా వియ్యపురాలు. *(జనగామ దగ్గర)*

జవాబు: అక్కా, 21వ రోజు వద్దు. కాన్పయిన దవాఖానకే ఇయ్యాల తీస్కపోండ్రి, జరం, బీపీ, రక్తం చూడమనుండ్రి, మానసిక డాక్టరును పిలిపించమనుండ్రి. మూడో రోజు ఏడుపు నిజంగనే చానామందికి వస్తది, రెండు వారాల్లోపు దానంతటదే పోతది. ఇది వేరే. పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అంటరు, వెయ్యి కాన్పులల్ల ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు, మొదటి రెండు వారాలల్లనే ఎక్కువ, గంటలల్ల ముదురుతది. కాసేపు మామూలైతుందని మోసపోవద్దు, ఈ జబ్బు తీరే అది, డాక్టరు ముందట మంచిగ మాట్లాడి ఇంటికొచ్చి మళ్ల మొదలుపెడ్తది, అందుకే నువ్వు చూసినవన్నీ ఒక కాగితం మీద టైంతోని రాసుకపో.

పిల్లగాన్ని ఆమెతోని ఒంటరిగ వదలొద్దు, రాత్రైనా పగలైనా. అట్లని గుంజుకొని వేరే ఇంటికి పంపొద్దు, నువ్వు పక్కన కూసుని ఆమె ఒళ్లె పెట్టు. "తల్లివై గిట్లంటవా" అనే మాట ఇంట్ల ఎవరి నోట్లెనుంచి రావొద్దు, అది ఆమె అంటలేదు, జబ్బు అంటుంది. మందు పడితే మంచిగైతది, మంచిగైన తల్లులను నేను నా చేతులతోని డిశ్చార్జి చేసిన. పాలు ఇయ్యొచ్చా లేదా అనేది ఏ మందు పెట్టిండ్రనే దాన్ని బట్టి ఉంటది, డాక్టరునే అడుగు. ఇంకో సంగతి, మళ్ల కాన్పుకు మళ్ల వచ్చే అవకాశం ఎక్కువ, అప్పుడు నెలలు నిండకముందే చెప్పాలె.

ప్రశ్న: మా అన్న ఒకసారి పురుగుమందు తాగి బతికిండు, పోలీస్ కేసైతదని పెద్ద దవాఖానకు పోకుండ ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించి తెచ్చినం. మంచిగనే ఉన్నడు. కేస్ నిజంగ అయితదా?

జవాబు: ఈ భయం ఎంతమందిని దవాఖాన గడప ఎక్కనియ్యలేదో. 2017 చట్టంల 115వ సెక్షన్, 2018 మే 29 నుంచి అమల్ల ఉంది, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిల ఉన్నడనే అనుకోవాలె, శిక్షించొద్దు, పైనుంచి వైద్యం అందేటట్టు చూసే బాధ్యత ప్రభుత్వానిదే అని చెప్తది. 2024 జులై 1న వచ్చిన కొత్త న్యాయ సంహితలనైతే ఆత్మహత్యాయత్నానికి శిక్ష ఏసే పాత 309 సెక్షనే పెట్టలే. దవాఖానల ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాసుకుంటరు, పోలీసాయన వచ్చి వాంగ్మూలం తీస్కోవచ్చు, అది రికార్డు కోసం, జైలు కోసం కాదు. ఇప్పుడన్నా ఒకసారి పెద్ద దవాఖానల చూపించుండ్రి, రక్తపరీక్షలు కూడ చేయించుండ్రి. మంచిగనే ఉన్నడు అన్నవ్ గని, బయటపడ్డ తర్వాత మొదటి మూడు నెలలే ఎక్కువ జాగ్రత్తగ ఉండాల్సినయ్. ఫోన్ చేసుకుంట ఉండుండ్రి, చుట్టాలందరు తిట్టడానికి వస్తరు, నువ్వు ఊకే "ఏం తిన్నవన్నా" అని అడగడానికి చెయ్యి. రాత్రి ఎట్ల పండుకుంటుండో అది రాయలే నువ్వు.

ప్రశ్న: మా తమ్మునికి ఎనిమిదేండ్లసంది జబ్బు, చెవుల్ల మాటలు వినబడ్తయ్. మందులు ఏసుకున్నప్పుడు మంచిగుంటడు. బంద్ చేస్తే కొడ్తడు, అప్పుడు కొట్టంల గొలుసుతోని కట్టేస్తం, వేరే గతి లేదు. దర్గాకు కూడ తీస్కపోయినం. అమ్మ పోయింది, అక్క పెండ్లయి వేరే ఉంటది, నేనొక్కదాన్నే. ఎవరన్నా ఏమన్నా చెప్పొచ్చు గని చేసేటోళ్లకు తెలుస్తది. *(ములుగు)*

జవాబు: ఏమన్నా చెప్పనీకి నాకు కూడ సిగ్గే చెల్లే, వార్డుల మాకు ఆరుగురు మనుషులుండేటోళ్లు, నువ్వొక్కదానివి.

కని గొలుసు వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిల దర్గా దగ్గర ఒక ఆశ్రమంల మంటలు లేస్తే గొలుసులతోని కట్టేసి ఉన్న 28 మంది లేవరాక కాలిపోయిండ్రు. ఇప్పుడు చట్టం కూడ గొలుసుతోని కట్టుడు ఏ తీరుగనైనా, ఏ కారణానికైనా వద్దంటది. దర్గాకు పోవద్దని నేననను, మా అమ్మ నన్ను ప్రతి ఏడు కొమురెల్లికి తీస్కపోయేది, మొక్కు మొక్కుకో, పొద్దుటి గోలీ మాత్రం ఏయించు.

తిరగబడేది ఒక్కసారిగ కాదు, ముందు నాలుగైదు దినాలు ఏదో ఒక గుర్తు కనబడ్తది. చానామందిల మొదటి గుర్తు నిద్ర తగ్గుడే. క్యాలెండర్ మీద రోజూ ఎన్ని గంటలు పండుకున్నడో ఒక అంకె ఏసుకుంట పో, మూడు రాత్రులు నాలుగ్గంటల లోపు పడ్డదంటే కొట్టేదాక ఆగకుండ డాక్టరుకు చూపించు. గోలీలు మింగకుండ దాస్తుంటే రెండు మూడు వారాలకో నెలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నయ్, అవి కుదుర్తయా అని అడుగు. మీదికొచ్చినప్పుడు నువ్వు తలుపు దిక్కు ఉండు, కత్తులు గొడ్డండ్లు ముందే తీసెయ్యి, ఆగకపోతే బయటికి పోయి 112 కొట్టు, "మానసిక రోగి, దవాఖానకు తీస్కపోవాలె" అని స్పష్టంగ చెప్పు.

ఇంతా రాసి నీ నిద్ర సంగతి రాయలే నువ్వు. పెండ్లయిన మీ అక్క ఉందన్నవ్ గదా, ఆమెను ఈ శనివారం రాత్రికి పిలిపించు, తమ్ముని దగ్గర ఆమె ఉంటది, నువ్వు పక్కింట్ల పండుకో, ఫోన్ కూడ వాళ్లకే ఇచ్చి పండుకో. ఎన్ని గంటలకు లేచినవో నాకు మెసేజ్ పెట్టు.